ఇండోనేసియా పల్లె: భూమి ఎవరిది, కాపలా ఎవరిది, కొండ పేలితే ఎటు పోవాలి?

జావా ద్వీపంలోని యోగ్యకర్తా నగరం నుంచి ఉత్తరంగా సుమారు గంట ప్రయాణం చేస్తే కెపుహార్జో అనే గ్రామం వస్తుంది. అక్కడ కాలిపోయిన ఒక ఇంటినే చిన్న మ్యూజియంగా మార్చారు. దాని పేరు 'సిసా హార్తాకు'. 'నా ఆస్తిలో మిగిలింది' అని అర్థం. 'హార్తా' అన్నది సంస్కృతంలోని 'అర్థ' శబ్దం నుంచి వచ్చిన మాటే.

లోపల ఉన్నవి ఒక సాధారణ రైతు కుటుంబపు వస్తువులు. వేడికి కరిగి వంకర్లు పోయిన సీసాలు, ఇనుప చట్రం మాత్రమే మిగిలిన మోటార్‌సైకిళ్లు, ఆవు అస్థిపంజరం, 12 గంటల 5 నిమిషాల దగ్గర ఆగిపోయిన గోడ గడియారం. 2010 నవంబరు 5వ తేదీ అర్ధరాత్రి దాటాక మెరాపీ అగ్నిపర్వతం నుంచి దూసుకొచ్చిన వేడి మేఘం ఈ ఇంటిని చుట్టేసిన సమయం అది.

ఇండోనేసియా పల్లెలో బతుకు ఎలా ఉంటుంది, ఆస్తికి రుజువు ఏమిటి, రక్షణ ఎవరి బాధ్యత అన్న మూడు ప్రశ్నలూ మెరాపీ వాలులోని గ్రామాల్లో ఒకేచోట కలుస్తాయి. భూమిని, పశువులను వదిలి వెళ్తే ప్రాణం దక్కుతుంది. వదలకపోతే ప్రాణమే పోవచ్చు. కానీ వదిలిన భూమి తిరిగి తమదే అవుతుందా, పశువులకు మేత ఎవరు వేస్తారు అన్నది తేలకుండా ఏ రైతూ కదలడు. ఇది అర్థం కావాలంటే ముందు అక్కడి గ్రామ వ్యవస్థను చూడాలి.

'దెసా' అంటే ఏమిటి?

ఇండోనేసియాలో గ్రామాన్ని 'దెసా' అంటారు. ఇది మన 'దేశం' మాటే. దేశవ్యాప్తంగా సుమారు 75 వేల దెసాలు ఉన్నాయి. ఒక్కో దెసా కింద కొన్ని శివారు పల్లెలుంటాయి. వీటిని చాలా చోట్ల 'దుసున్' అంటారు. యోగ్యకర్తా ప్రాంతంలో 'పదుకుహాన్' అంటారు. గ్రామాధిపతి 'కెపాలా దెసా'. జావాలో వాడుకలో 'లూరా' అంటారు. ఈయనను గ్రామస్థులు నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు. గ్రామ కార్యాలయంలోని మిగతా సిబ్బంది మాత్రం ఎన్నికయ్యేవారు కాదు. నియమితులై 60 ఏళ్ల వయసు వరకు కొనసాగుతారు.

2014లో వచ్చిన గ్రామ చట్టం ఈ వ్యవస్థను మార్చేసింది. అంతకుముందు పై అధికారుల ఆదేశాలు అమలు చేసే చివరి మెట్టుగా ఉన్న దెసాకు సొంత బడ్జెట్, సొంత ప్రణాళిక వచ్చాయి. 2015 నుంచి కేంద్ర ప్రభుత్వం 'దానా దెసా' పేరుతో గ్రామాలకు నేరుగా నిధులు పంపుతోంది. మొదటి ఏడాది సుమారు 20.8 లక్షల కోట్ల రూపియాలు ఇచ్చారు. 2024 నాటికి అది 71 లక్షల కోట్ల రూపియాలకు చేరింది. సగటున ఒక్కో గ్రామానికి 90 కోట్ల రూపియాలకు పైగా అన్నమాట. అంకె పెద్దదే కానీ మన రూపాయల్లో సుమారు 50 లక్షలు.

ఈ డబ్బుతో రోడ్లు, కాలవలు, చిన్న వంతెనలు, అంగన్‌వాడీ లాంటి శిశు కేంద్రాలు వచ్చాయి. దాంతోపాటే గ్రామాధిపతి పదవికి గిరాకీ పెరిగింది. పదవీకాలం పెంచాలంటూ 2023 జనవరిలో వేలమంది గ్రామాధిపతులు జకార్తాలో పార్లమెంటు ముందు ఆందోళన చేశారు. 2024లో చట్టాన్ని సవరించి పదవీకాలాన్ని 6 ఏళ్ల నుంచి 8 ఏళ్లకు పెంచారు. గతంలో గరిష్ఠంగా మూడుసార్లు పోటీకి వీలుండగా దాన్ని రెండుసార్లకు తగ్గించారు. గ్రామ నిధుల దుర్వినియోగం కేసులు దేశంలోని అవినీతి కేసుల్లో ముందు వరుసలో ఉంటున్నాయని అవినీతి వ్యతిరేక సంస్థలు చాలాకాలంగా చెబుతున్నాయి.

చిన్న కమతాలు, పెద్ద లెక్కలు

జావా పల్లెలో ఆస్తి అంటే మూడు రకాలు. 'సావా' అంటే వరి పండే మాగాణి. 'తెగలాన్' అంటే మెట్ట. 'పెకరంగాన్' అంటే ఇంటి చుట్టూ ఉండే పెరటి తోట. కొబ్బరి, అరటి, పనస, కూరగాయలు, కోళ్లు, మేకలు అన్నీ ఈ పెరట్లోనే. వరి కంటే రోజువారీ చిల్లర ఖర్చులకు పెరడే ఆదుకుంటుంది.

కమతాలు చాలా చిన్నవి. అర హెక్టారు, అంటే ఎకరంపావు కంటే తక్కువ సాగుచేసే రైతులను అక్కడ 'పెతాని గురెం' అంటారు. వ్యవసాయ గణన ప్రకారం 2013లో ఇలాంటి కుటుంబాలు 1.42 కోట్లు ఉండగా 2023 నాటికి సుమారు 1.69 కోట్లకు పెరిగాయి. పొలాలు ఇళ్లుగా, ఫ్యాక్టరీలుగా మారడం ఒక కారణం. పంపకాలు మరో కారణం. జావాలో కొడుక్కి రెండు వాటాలు, కూతురికి ఒక వాటా ఇచ్చే ఆచారం ఒకటుంది. కొడుకు కావడితో రెండు బరువులు మోస్తాడు, కూతురు వీపు మీద ఒక బరువు మోస్తుంది అన్న పోలికతో దీన్ని చెబుతారు. అందరికీ సమానంగా పంచే కుటుంబాలూ చాలానే ఉన్నాయి. పశ్చిమ సుమత్రాలోని మినంగ్‌కబావు సమాజంలో లెక్క పూర్తిగా వేరు. అక్కడ వంశపారంపర్య భూమి తల్లి నుంచి కూతుళ్లకు వస్తుంది. దాన్ని అమ్మడం తేలిక కాదు.

సొంత భూమి చాలనివాళ్లు పాలుకు చేస్తారు. పంటలో సగం యజమానికి ఇచ్చే పద్ధతిని 'మారో' అంటారు. పాలు ఒప్పందం గ్రామాధిపతి ఎదుట రాతపూర్వకంగా ఉండాలని 1960 నాటి చట్టం చెబుతోంది. ఆచరణలో అంతా నోటిమాటే. పొలం తాకట్టు పెట్టడమూ మామూలే. తాకట్టు ఏడేళ్లు దాటితే అప్పు కట్టకపోయినా పొలం తిరిగి ఇచ్చేయాలని అదే ఏడాది మరో చట్టం చేశారు. పల్లెల్లో దాన్ని గట్టిగా అడిగే రైతు అరుదు. అప్పు ఇచ్చినవాడు పక్కింటివాడో, బంధువో అయినప్పుడు చట్టం కంటే మొహమాటమే ఎక్కువ పనిచేస్తుంది.

'హక్ మిలిక్': భూమి ఎవరిదని ఏ కాగితం చెబుతుంది?

ఇండోనేసియా భూమి వ్యవస్థకు ఆధారం 1960 నాటి మౌలిక భూ చట్టం. దాని ప్రకారం పూర్తి యాజమాన్యాన్ని 'హక్ మిలిక్' అంటారు. తెలుగులో వాడే 'హక్కు', ఆ 'హక్' రెండూ అరబ్బీ నుంచి వచ్చిన ఒకే మాట. హక్ మిలిక్ ఇండోనేసియా పౌరులకు మాత్రమే దక్కుతుంది. విదేశీయులకు పరిమిత కాలపు వినియోగ హక్కు మాత్రమే ఉంటుంది. విదేశీయుడికి వారసత్వంగా హక్ మిలిక్ భూమి వస్తే ఏడాదిలోపు వదులుకోవాలి. సాగు భూమి యజమాని ఆ భూమి ఉన్న మండలంలోనే నివసించాలన్న నిబంధన కూడా 1961 నుంచి ఉంది. ఊరికి దూరంగా ఉండి భూములు పోగేసేవారిని అడ్డుకోవడం దాని ఉద్దేశం.

అయితే తరతరాలుగా పల్లెల్లో రైతు దగ్గరున్నది ప్రభుత్వం ఇచ్చిన యాజమాన్య సర్టిఫికెట్ కాదు. 'గిరిక్', 'పెతొక్ డీ' అనే పాత పన్ను కాగితాలు. గ్రామ కార్యాలయంలో ఉండే 'లెటర్ సీ' అనే పుస్తకంలో ఫలానా కమతానికి ఫలానావారు పన్ను కడుతున్నారని రాసి ఉంటుంది. అది పన్ను రికార్డే కానీ పట్టా కాదు. అయినా అమ్మకాలు, పంపకాలు, తగాదాల పరిష్కారం అన్నీ ఆ పుస్తకం మీదే నడిచాయి. పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు పల్లెలో అంత బలం.

ఈ పరిస్థితిని మార్చడానికి ప్రభుత్వం 2017 నుంచి ఊరు ఊరంతా ఒకేసారి కొలిచి నమోదు చేసే కార్యక్రమం పెద్దఎత్తున చేపట్టింది. దేశంలో 12.6 కోట్ల కమతాలుంటే అప్పటికి సుమారు 4.6 కోట్లకే సర్టిఫికెట్లు ఉన్నాయని అంచనా. 2024 నాటికి నమోదైన కమతాలు 11 కోట్లు దాటాయి. కొలత, సర్టిఫికెట్ ఖర్చు ప్రభుత్వానిదే. గ్రామ స్థాయిలో కాగితాల తయారీకి, హద్దు రాళ్లకు మాత్రం కొంత వసూలు చేయవచ్చు. జావా, బాలిలలో దానికి పరిమితి లక్షన్నర రూపియాలు. అంతకు మించి గుంజి జైలుకు వెళ్లిన గ్రామాధికారులు ఉన్నారు.

2021లో వచ్చిన ప్రభుత్వ నిబంధన 18 ఈ పాత కాగితాలకు ఐదేళ్ల గడువు పెట్టింది. 2026 ఫిబ్రవరి 2వ తేదీతో గిరిక్, పెతొక్ డీ వంటివి యాజమాన్యానికి రుజువుగా చెల్లవు. నమోదు చేసుకునేటప్పుడు ఒక ఆధారంగా చూపడానికి మాత్రమే పనికొస్తాయి. భూమి మీద హక్కు దానంతటదే పోదు. కానీ తగాదా వస్తే కోర్టులో నిలబడడం కష్టమవుతుంది.

కాగితం విలువ ఆపద వచ్చినప్పుడు తెలుస్తుంది. తూర్పు జావాలోని సిడోఅర్జోలో 2006 మే 29న ఒక గ్యాస్ బావి తవ్వుతున్న చోటికి దగ్గర్లో నేల చీలి వేడి బురద ఎగదన్నింది. అది ఆగకుండా ప్రవహించి ఊళ్లకు ఊళ్లనే పూడ్చేసింది. ఇళ్లు, పొలాలు బురదలో కలిసిపోయాక నష్టపరిహారాన్ని భూమి కొనుగోలు రూపంలో, 20 శాతం ముందు, 80 శాతం తర్వాత చెల్లించాలని 2007లో నిర్ణయించారు. సర్టిఫికెట్ ఉన్నవారి పని కొంత తేలికైంది. లెటర్ సీ, పెతొక్ డీ మాత్రమే ఉన్నవారు తమ కాగితాలను ఒప్పించుకోవడానికే ఏళ్ల తరబడి పోరాడారు. చివరి చెల్లింపుల కోసం 2015లో ప్రభుత్వమే అప్పు ఇవ్వాల్సి వచ్చింది.

జీతం బదులు పొలం

జావాలో గ్రామానికి కూడా సొంత భూమి ఉంటుంది. 'తానా కాస్ దెసా' అంటే గ్రామ ఖజానా భూమి. దాన్ని కౌలుకిచ్చి వచ్చిన ఆదాయాన్ని గ్రామ ఖర్చులకు వాడతారు. 'తానా బెంగ్‌కొక్' అంటే గ్రామాధికారులకు జీతం బదులు ఇచ్చే పొలం. పదవి ఉన్నంతకాలం సాగు చేసుకోవచ్చు, దిగిపోతే వదిలేయాలి. మన దగ్గర ఒకప్పుడు కరణం, మునసబులకు ఉన్న ఇనాములను ఇది గుర్తుచేస్తుంది. ఇప్పుడు అధికారులకు జీతాలు వచ్చినా చాలా చోట్ల ఈ పొలాలు కొనసాగుతున్నాయి.

యోగ్యకర్తాలో మరో మెలిక ఉంది. అక్కడ సుల్తానే గవర్నర్. 2012లో వచ్చిన ప్రత్యేక ప్రతిపత్తి చట్టం సుల్తాన్ వంశపు భూములను గుర్తించింది. గ్రామ భూమిని వేరే పనికి వాడాలంటే గవర్నర్ అనుమతి కావాలి. యోగ్యకర్తాకు ఆనుకుని ఉన్న స్లేమాన్ జిల్లాలో గ్రామ భూమిని అనుమతి లేకుండా ఇళ్ల వెంచర్లకు కట్టబెట్టిన వ్యవహారంలో 2023లో గ్రామాధిపతి స్థాయి వారిపైనే కేసులు నడిచాయి.

రాత్రి కాపలా ఎవరిది?

పల్లెలో పోలీసు కనిపించడం తక్కువ. గ్రామానికి కేటాయించిన ఒక పోలీసు, ఒక సైనికోద్యోగి ఉంటారు కానీ ఒక్కరికే కొన్ని గ్రామాలు అప్పగించడం మామూలే. రోజువారీ భద్రత ఊరివాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

దీనికి మూలం 'ఆర్‌టీ' అనే ఇరుగుపొరుగు బృందం. కొన్ని పదుల ఇళ్లు కలిపి ఒక ఆర్‌టీ. దానికి ఇరుగుపొరుగువారే ఒక పెద్దను ఎన్నుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జావాను ఆక్రమించిన జపనీయులు 1944లో తమ దేశపు పద్ధతిని ఇక్కడ ప్రవేశపెట్టారు. ప్రజలపై నిఘా వేయడం, శ్రమ రాబట్టడం అప్పటి ఉద్దేశం. జపనీయులు పోయినా ఆర్‌టీ మిగిలింది. జనన, మరణ, నివాస ధ్రువపత్రాలకు ఇప్పటికీ ముందు తలుపు తట్టాల్సింది ఆర్‌టీ పెద్ద ఇంటినే.

రాత్రి గస్తీని 'రొండా' అంటారు. మగవాళ్లు వంతులవారీగా కాపలా గుడిసెలో కూర్చుంటారు. కాపలా అన్న అర్థంలో వాడే 'జాగా' మాట మన 'జాగారం'లోని సంస్కృత పదమే. గుడిసెకు వేలాడే చెక్క డోలు 'కెంతొంగాన్'. దెబ్బల లెక్కను బట్టి సంగతి తెలుస్తుంది. చాలా గుడిసెల్లో ఆ పట్టిక గోడకు రాసి ఉంటుంది. ఒక్కొక్క దెబ్బ హత్యకు, రెండేసి దొంగతనానికి, మూడేసి అగ్నిప్రమాదానికి, నాలుగేసి ప్రకృతి విపత్తుకు, ఐదేసి పశువుల దొంగతనానికి గుర్తు. పశువుల దొంగతనానికి ప్రత్యేకంగా ఒక సంకేతం ఉందంటే పల్లె ఆస్తిలో పశువు స్థానం ఏమిటో తెలుస్తుంది.

గస్తీ ఖర్చులకు 'జింపితాన్' పద్ధతి ఉంది. ప్రతి ఇంటి ముందు చిన్న డబ్బాలో గుప్పెడు బియ్యం పెడతారు. రాత్రి తిరిగేవాళ్లు పోగుచేస్తారు. ఇప్పుడు చాలా చోట్ల బియ్యం బదులు 500 రూపియాల నాణెం పెడుతున్నారు. డబ్బా ఖాళీగా ఉంటే ఆ ఇంట్లో ఏదైనా ఇబ్బంది ఉందేమోనని ఆరా తీయడానికీ ఇది ఉపయోగపడుతుంది. 'అతిథులు 24 గంటల్లోగా తెలియజేయాలి' అన్న బోర్డు దాదాపు ప్రతి ఊరి మొదట్లో కనిపిస్తుంది.

ఈ కాపలాకు మరో ముఖం కూడా ఉంది. అందరూ అందరినీ గమనించే ఊళ్లో కొత్తవారిని, ఆచారానికి భిన్నంగా బతికేవారిని అనుమానంగా చూస్తారు. దొంగ దొరికితే పోలీసులు వచ్చేలోపే జనం కొట్టి చంపిన ఘటనలు ఇండోనేసియాలో తరచూ వార్తల్లోకి వస్తాయి. 1998లో తూర్పు జావాలోని బాన్యువంగీ ప్రాంతంలో చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో వందమందికి పైగా హత్యకు గురయ్యారు. భద్రత ఊరి చేతుల్లో ఉన్నప్పుడు, ఊరు ఎవరిని తమవాళ్లుగా అనుకుంటుందో వారికే ఆ భద్రత.

మెరాపీ 2010: కదలని ఊరు

సుమారు 2,900 మీటర్ల ఎత్తున్న మెరాపీ ఇండోనేసియాలో అత్యంత చురుకైన అగ్నిపర్వతాల్లో ఒకటి. దాని వాలులో జనం ఉండడానికి కారణం ఆ కొండే. బూడిద నేల సారవంతం. గాలి చల్లన. పాడి ఆవులకు గడ్డి పుష్కలం. వాగుల్లో కొట్టుకొచ్చే ఇసుక, రాయి నగర నిర్మాణాలకు అమ్ముడుపోతాయి.

ఇక్కడ ప్రాణాలు తీసేది ఎక్కువగా లావా కాదు. వందల డిగ్రీల వేడితో వాలు వెంట దూసుకొచ్చే వాయువు, బూడిద, రాళ్ల మేఘం. స్థానికులు దాన్ని 'వెదుస్ గెంబెల్' అంటారు. గుబురు ఉన్ని ఉన్న గొర్రె అని అర్థం. కారు కంటే వేగంగా వచ్చే దాని ముందు పరుగెత్తి తప్పించుకోవడం అసాధ్యం. 1994 నవంబరు 22న తుర్గో అనే పల్లెను ఇదే మేఘం తాకింది. అక్కడ ఒక పెళ్లికి వచ్చినవారు సహా 60 మందికి పైగా చనిపోయారు.

2006లో మెరాపీ మళ్లీ రేగినప్పుడు కినారెజో పల్లెలో ఉండే మ్బాహ్ మరిజాన్ ఊరు వదలడానికి నిరాకరించారు. యోగ్యకర్తా రాజప్రాసాదం నియమించిన కొండ సంరక్షకుడు ఆయన. ఆ ఏడాది మేఘం పక్క వాలు మీదకు పోయింది. సమీపంలోని కలియాదెంలో భూగర్భ ఆశ్రయంలో దాక్కున్న ఇద్దరు చనిపోయారు కానీ కినారెజోకు ఏమీ కాలేదు. మరిజాన్ దేశమంతా ప్రసిద్ధుడయ్యారు. ఆయన కదలకపోతే తామూ కదలనక్కర్లేదన్న ధీమా చుట్టుపక్కల పెరిగింది.

2010 అక్టోబరు 25న శాస్త్రవేత్తలు హెచ్చరికను అత్యున్నత స్థాయికి పెంచారు. మరుసటి రోజు సాయంత్రం పేలుడు మొదలైంది. కినారెజో దగ్ధమైంది. మరిజాన్, ఆయనను తీసుకెళ్లడానికి వచ్చినవారు సహా పలువురు చనిపోయారు. అంతటితో ఆగలేదు. ప్రమాద పరిధిని 10 కిలోమీటర్ల నుంచి 15కు, నవంబరు 5 తెల్లవారుజామున 20కి పెంచారు. ఆ రాత్రే మేఘం గెందోల్ నది లోయ వెంట సుమారు 15 కిలోమీటర్లు ప్రయాణించి, తాము దూరంగా ఉన్నామనుకున్న పల్లెలను కూడా తాకింది. ఆ విస్ఫోటాల్లో మొత్తం 350 మందికి పైగా చనిపోయారు. సుమారు నాలుగు లక్షల మంది ఇళ్లు వదిలి వెళ్లారు. సకాలంలో హెచ్చరికలు జారీ కాకపోతే మరో 10 వేల నుంచి 20 వేల మంది చనిపోయి ఉండేవారని శాస్త్రవేత్తలు తర్వాత అంచనా వేశారు.

హెచ్చరిక విన్నా చాలామంది ఎందుకు కదల్లేదు? నమ్మకం ఒక్కటే కారణం కాదు. శిబిరాలకు వెళ్లినవారు కూడా పగలు కొండెక్కి ఆవులకు గడ్డి కోసి, పాలు పితికి తిరిగి వచ్చేవారు. పాడి ఆవు వాలులోని కుటుంబానికి నెల జీతం, పొదుపు ఖాతా రెండూ. దాన్ని పస్తు పెట్టి శిబిరంలో కూర్చోవడం వారికి సాధ్యం కాలేదు. పరిస్థితి అర్థమయ్యాక ప్రమాద ప్రాంతంలోని పశువులను తామే ధర కట్టి కొంటామని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికే పెద్ద సంఖ్యలో పశువులు చనిపోయాయి.

కొత్త ఇల్లు, పాత నేల

విస్ఫోటం తర్వాత అసలు వివాదం మొదలైంది. శిఖరానికి దగ్గరగా ఉన్న పల్లెల్లో నివాసాన్ని నిషేధించి, కింద శాశ్వత కాలనీలు కట్టాలని నిర్ణయించారు. వీటిని 'హున్‌తాప్' అంటారు. చాలా వరకు గ్రామ ఖజానా భూముల్లోనే కట్టారు. ఒక్కో కుటుంబానికి 100 చదరపు మీటర్ల స్థలం, 36 చదరపు మీటర్ల ఇల్లు, నిర్మాణానికి 3 కోట్ల రూపియాల సాయం. ఇళ్లు కాంట్రాక్టర్లు కట్టలేదు. లబ్ధిదారులే బృందాలుగా ఏర్పడి కట్టుకున్నారు. స్లేమాన్ జిల్లాలో రెండు వేలకు పైగా కుటుంబాలు ఇలా తరలాయి.

తమ పాత భూమిని ప్రభుత్వం లాక్కుంటుందేమోనన్నది జనం మొదటి భయం. దానికి కారణం ఉంది. 2004లో మెరాపీ చుట్టూ జాతీయ పార్కు ప్రకటించినప్పుడే గడ్డి, కట్టెల హక్కులు పోతాయని వాలు గ్రామాలు వ్యతిరేకించాయి. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: పాత కమతం మీద హక్కు రైతుదే, గడ్డి, చెట్లు పెంచుకోవచ్చు, కానీ అక్కడ నివసించకూడదు. మీటర్ల లోతు బూడిద కింద హద్దులు చెరిగిపోయిన చోట్ల మళ్లీ కొలిచి నిర్ధారించుకోవాల్సి వచ్చింది.

కాలనీలకు వెళ్లినవారికి ప్రాణభయం తగ్గింది. కానీ పెరడు పోయింది. 100 మీటర్ల స్థలంలో కొబ్బరి చెట్టుకు, పశువుల కొట్టానికి చోటు లేదు. గడ్డి కోసం రోజూ మోటార్‌సైకిల్ మీద పాత ఊరికి వెళ్లి రావాలి. కొందరు జీపుల్లో పర్యాటకులను తిప్పే పనిలోకి, మరికొందరు ఇసుక తవ్వకాల్లోకి మారారు. కాలిన ఊళ్లే ఇప్పుడు పర్యాటక స్థలాలు.

గ్లగాహార్జో గ్రామంలోని కలితెంగా లోర్, కలితెంగా కిదుల్, స్రునెన్ అనే మూడు పల్లెలు మాత్రం కాలనీలకు రాలేమని తెగేసి చెప్పాయి. అక్కడివారు ప్రాణనష్టం పెద్దగా లేకుండా ముందే దిగిపోయారు. 'కొండ రేగినప్పుడు దిగుతాం, చల్లారాక తిరిగొస్తాం, మా నేల మీదే ఉంటాం' అన్నది వారి వాదన. గృహ సాయం అందకపోయినా సొంత ఖర్చుతో ఇళ్లు మళ్లీ కట్టుకున్నారు. కాలక్రమంలో అధికారులు కూడా విపత్తుతో సర్దుకుని బతకడం అన్న మాట వాడడం మొదలుపెట్టారు.

తర్వాత ఏం మారింది?

2010లో శిబిరాలు గందరగోళంగా మారాయి. ప్రమాద పరిధి పెరిగిన ప్రతిసారీ అవే కుటుంబాలు మళ్లీ మళ్లీ చోటు మారాయి. ఎవరు ఎక్కడున్నారో గ్రామాధిపతికే తెలియలేదు. దీనికి జవాబుగా కొండకు పడమటి వైపున్న మగెలాంగ్ జిల్లా 'సోదర గ్రామం' పద్ధతి తెచ్చింది. ప్రమాద ప్రాంతంలోని ప్రతి గ్రామానికి కింద ఒక ఆతిథ్య గ్రామాన్ని ముందే జత చేస్తారు. రెండు గ్రామాల మధ్య రాతపూర్వక ఒప్పందం ఉంటుంది. ఏ పల్లెవాళ్లు ఏ భవనంలో ఉంటారు, వృద్ధులెందరు, గర్భిణులెందరు, పశువులెన్ని, వాహనాలు ఎవరివి అన్నవి ముందే నమోదు చేస్తారు.

దానికి పరీక్ష 2020లో వచ్చింది. నవంబరు 5న హెచ్చరికను నాలుగు స్థాయిల్లో మూడోదైన 'సియాగా'కు పెంచారు. మగెలాంగ్‌లో క్రింజింగ్ వాళ్లు దెయాంగాన్‌కు, నర్గోముల్యో వాళ్లు తమానగుంగ్‌కు ముందే అనుకున్న ప్రకారం వెళ్లారు. స్లేమాన్‌లో కలితెంగా లోర్ నుంచి వృద్ధులు, పిల్లలు, గర్భిణులను గ్రామ కార్యాలయ ఆవరణకు తరలించారు. ఈసారి ఆవులను కూడా దించి ఉమ్మడి కొట్టాల్లో కట్టేశారు. ఆవు కింద ఉంటే రైతు పైకి వెళ్లడన్న విషయం పదేళ్ల కింద ప్రాణాలు పోయాక అధికార ప్రణాళికలో చోటు సంపాదించింది.

పశువులకు బీమా కూడా ఉంది. ఏడాదికి 2 లక్షల రూపియాల ప్రీమియంలో 80 శాతం ప్రభుత్వం భరిస్తే రైతు 40 వేలు కడతాడు. ఆవు జబ్బుతో, ప్రమాదంలో చనిపోతే, లేదా దొంగల పాలైతే గరిష్ఠంగా కోటి రూపియాలు వస్తాయి. మన లెక్కలో 50 వేల రూపాయలకు కాస్త ఎక్కువ. మంచి పాడి ఆవు కొనడానికి అది సరిపోదు.

సియాగా స్థాయి ఆ తర్వాత ఏళ్ల తరబడి కొనసాగింది. 2023 మార్చి 11న మరో వేడి మేఘం దూసుకొచ్చి చుట్టుపక్కల పల్లెల మీద బూడిద కురిపించింది. ప్రాణనష్టం జరగలేదు. కలితెంగా లోర్‌లో జనం అలాగే ఉన్నారు, ఆవులను మేపుతున్నారు, రాత్రి గస్తీ తిరుగుతున్నారు. కొండ మీద కెమెరాలు, భూకంప సూచికలు, ఫోన్లలో సందేశాలు అన్నీ వచ్చినా కాపలా గుడిసెలో కెంతొంగాన్ వేలాడుతూనే ఉంది. ఆగకుండా కొట్టే 'తితిర్' మోత వినిపిస్తే ఏ దారిన దిగాలో, ఆవుల తాడు ఎవరు పట్టుకోవాలో ఇప్పుడు ప్రతి ఇంటికీ తెలుసు. తిరిగొచ్చాక ఆ నేల తమదేనని చూపడానికి కాగితం చేతిలో ఉందా అన్నది మాత్రం ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంది.